పేరు లేని 317

ఫ్రాన్సిస్‌కు కావలసింది ఒక్క పేరు.

ఊళ్లోని ప్రైవేటు ఆస్పత్రికి గుండె డాక్టరు హైదరాబాద్ నుంచి ఆదివారమే వస్తాడు. ఒక్క ఆపరేషన్ చేసి సాయంత్రం రైలెక్కుతాడు. ఆ ఆదివారం వంతు ఫ్రాన్సిస్ భార్య ప్రీతిది. శనివారం ఎవరో కంప్యూటర్లో ఆమె పేరు తీసేసి, పరకాల నుంచి తెచ్చిన ఐమన్ అనే పసిపిల్ల పేరు ఎక్కించారు. వచ్చే వారం చేస్తామన్నారు. ప్రీతి బుధవారం పోయింది.

ఐమన్ బతికింది. ఆ పిల్ల తాత బాబా మియా మామిడిపళ్లు పట్టుకుని కాజీపేటలో ఇల్లు వెతుక్కుంటూ వస్తే, ఫ్రాన్సిస్ తలుపు తీయలేదు. సమాధి దగ్గర ఆస్పత్రి వాళ్లంతా ఏడ్చారు. చంపిన చేతులే కళ్లు తుడుచుకుంటున్నాయి అనుకున్నాడు.

పేరు తీసిందెవరని నిలదీస్తే, ఆస్పత్రి కంప్యూటర్లు చూసే రుహీ ఒక నంబరు చెప్పింది. 317. కంప్యూటర్ మనిషిని నంబరుతోనే గుర్తుపెట్టుకుంటుందట. ఆ నంబరు ఎవరిదో ప్రోగ్రామ్ ఉద్యోగుల ఖాతాల్లో వెతికి చెబుతుందట. 317 ఖాతా మూసేశారు. పేరు పోయింది. నంబరు మిగిలింది.

అది అతన్ని వదల్లేదు. ఆటోల వెనక కనబడేది. చర్చిలో పాటల నంబర్లు రాసే పలక మీద కనబడిన రోజు, పాడకుండా లేచి వచ్చేశాడు.

పాత ఖాతాల నకలు ఒకటి దాచి ఉంచుతారని తెలిశాక మళ్లీ రుహీ దగ్గరికి వెళ్లాడు. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"జర పోనియ్యి అన్నా," అంది రుహీ. "తెలుసుకొని ఏం జేస్తవ్?"

"కోర్టుకు గుంజుత. వాడు సస్తే పిడికెడు మన్ను గూడ ఎయ్య."

"అక్క ఉంటే ఈ మాట అననిస్తుండెనా?"

"మీ అక్కను సంపినోని పేరే అడుగుతున్న. నువ్వు వాన్ని దాస్తున్నవ్."

రుహీ నకలు తెరిచింది. ప్రోగ్రామ్‌కు 317 ఇచ్చింది. తెర అతని వైపు తిప్పి, తాను గోడ వైపు తిరిగింది.

తెర మీద ఒకే ఒక్క వరుస వచ్చింది: ప్రీతి ఫ్రాన్సిస్, ఆపరేషన్ల కౌంటర్, ఉద్యోగి మరణించినందున ఖాతా మూసివేత.