దానంతటదే లేస్తది

"పదకొండు సార్లు," అన్నాడు నవీన్. "మొన్న ఆదివారం ఒక్కరోజే సరిత పదకొండుసార్లు సర్వర్ లోపలికి లాగిన్ అయింది."

కురుమూర్తి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వనపర్తిలో అతనిది చిన్న వెబ్ ఆఫీసు. విత్తనాల దుకాణం, ఫంక్షన్ హాలు, రెండు కాలేజీలు, ఇట్లా తొమ్మిది సైట్లు ఒకే సర్వర్ మీద నడుస్తాయి. ఇంకో ఆరు రాబోతున్నాయి. ఆగిపోయిన సైటును తిరిగి లేపే కాపలా ప్రోగ్రాం అన్నింటికీ కలిపి ఒకటే పెట్టాలా, సైటుకొకటి పెట్టాలా తేల్చడానికే హైదరాబాద్ నుంచి నవీన్‌ను పిలిపించాడు.

"ఏది పెట్టినా పాతదాని లెక్కనే ఉండాలె," అని పొద్దున్నే షరతు పెట్టాడు. "ఇంతకుముందు మా దగ్గర చేసిన విజయ్ పని మానేసేముందు పెట్టిపోయిండు. సైటు పడ్డదంటే రెండు నిమిషాల్ల దానంతటదే లేస్తది. రెండేండ్లల్ల ఒక్కలు గూడ నాతోని లొల్లి పెట్టుకోలే."

ఇప్పుడు ఆ ముచ్చటే మరిచిపోయాడు. సరిత పని ఆఫీసు సెల్‌ఫోను ఎత్తడం, సైట్లలో ఫొటోలు మార్చడం. సెలవు రోజు ఆమెకు సర్వర్‌తో ఏం పని?

"ఎంతసేపుంటది లోపల?"

"నిమిషం. మళ్ల బయటికి."

"దొంగ లెక్క!"

నవీన్ ఇంకా వెనక్కి వెళ్లాడు. ఫిబ్రవరి పద్నాలుగున మూడుసార్లు. కురుమూర్తికి ఆ తేదీ బాగా గుర్తుంది. సరిత కాన్పయిన రోజు.

ఆమెను పిలిచాడు. చంకలో బిడ్డతో వచ్చింది. ఇంట్లో అత్తకు జ్వరమట.

"దవాఖానల పండుకొని గూడ లోపలికొచ్చినవ్. మన డేటా ఎవలకిస్తున్నవ్ సరితా?"

"డేటానా? నేనెవలకిస్తనన్నా? ఎప్పుడూ కనిపెట్టుకొనే ఉండాలెనని విజయన్న చెప్పిండు. గందుకే..."

"విజయ్ గాడా!" కురుమూర్తి లేచి నిలబడ్డాడు. "ఎదురుంగనే ఆఫీసు తెరిచి నా గిరాకీ గుంజుకుంటున్నోడు నీకు అన్నయిండా?"

"జర నా మాట ఇనన్నా. ఈ నౌకరి మీదనే మా ఇల్లు నడుస్తున్నది."

"ఆ సోయి ముందుండాలె. నవీన్, పాస్‌వర్డ్ మార్చు. సరితా, నువ్వు రేపట్నుంచి రాకు."

ఆమె చేతిలో ఆఫీసు ఫోను మోగింది. నంబరు చూసి సరిత ముఖం మారింది.

"విజయే చేస్తుండా? ఆఫీసు ఫోను ఆడ పెట్టు!"

"కాలేజోళ్లు అన్నా. సైటు పడ్డదేమో, ఒక్క నిమిషం..."

"పెట్టుమన్ననా?"

బల్ల మీద పెట్టింది. బిడ్డను భుజానికెత్తుకుని మెట్లు దిగింది. ఫోను ఆగి, మళ్లీ మోగింది. ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

పాస్‌వర్డ్ మార్చి, పాత సెట్టప్ ఎట్లా ఉందో రాసుకుందామని నవీన్ కూర్చున్నాడు.

అరగంట వెతికినా, పడిపోయిన సైటును తిరిగి లేపే ప్రోగ్రాం ఆ సర్వర్‌లో ఏనాడూ పెట్టిన జాడే లేదు.