బెజ్జంకి టీవీ

మేడ మీద టీవీ చచ్చిపోయింది. వారంటీ తీరిన వారానికే, ఎంతో పద్ధతిగా.

స్నిగ్ధ రిమోట్ నొక్కింది. బ్యాటరీలు తిప్పి పెట్టింది. ప్లగ్గు పీకి, గుచ్చి, మళ్లీ పీకింది. తెర మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఆమె ముఖాన్నే ఆమెకు చూపించింది.

మామూలు టీవీ కాదది. పేరు పెట్టి పలకరించేది. పాస్‌వర్డ్ అడిగేది. సినిమా సరిగ్గా రసపట్టులో ఉన్నప్పుడు, అప్‌డేట్ అవుతున్నాను, ఆపవద్దు అనేది. వార్తలు పెట్టమంటే వంటలు పెట్టేది. ఇన్ని తెలివితేటలున్న దానికి బతకడం ఒక్కటే చేతకాలేదు.

భర్త సంతోష్ కంపెనీకి ఫోన్ చేశాడు. మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని చెప్పి, అరగంట సన్నాయి వినిపించి పెట్టేశారు.

స్నిగ్ధ దిగులు టీవీ పోయిందని కాదు. అది ఇచ్చింది ఆమెను కన్న బాపు. మేడ మీద గదులు వేసి పాలు పొంగించిన రోజున కొండపాక నుంచి ఆటోలో, పసిపిల్లను తెచ్చినట్టు పట్టుకుని తెచ్చాడు. ఇక కింద ఉండేది అత్త అంజమ్మ.

అంజమ్మకూ ఒక టీవీ ఉంది. కింది ఇల్లు కట్టినప్పుడు బెజ్జంకి నుంచి ఆమె తండ్రి తెచ్చిన డబ్బా టీవీ. ముందు గాజు, వెనక బొజ్జ, పైన అల్లిక గుడ్డ. వాడలో ఎవరింట్లో టీవీ పోయినా అంజమ్మ పరామర్శకు వెళుతుంది. పోయినదాని గురించి రెండు ముక్కలు వింటుంది. తనదాని గురించి గంట చెప్పి వస్తుంది.

"మా బాపు ఇచ్చిన టీవీ. ఇప్పటిదాంక దానికి సర్ది గూడ కాలె."

అక్కడితో ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదు. మొన్న తోడికోడలి ఇంట్లో దావత్ అయితే, ఆ ఇంటి కొత్త టీవీ నల్లగా నోరు మూసుకుని ఉండటం చూసింది. అది ఇచ్చిన వాళ్ల వియ్యంకుణ్ని నలుగురి మధ్య బంతిలోనే అడిగింది.

"ఏందన్నా, బిడ్డకు టీవీ ఇచ్చిన్రా, అద్దమిచ్చిన్రా?"

ఆ పెద్దమనిషి సగం అన్నంలోనే చేయి కడుక్కున్నాడు.

ఈ ఆదివారం స్నిగ్ధ కొడుకు పుట్టువెంట్రుకల దావత్. బంతి మేడ మీదే. బాపు వస్తాడు. మోకాళ్ల నొప్పులని ఎప్పుడో గాని మెట్లెక్కని అత్తమ్మ ఆ రోజు ఎక్కుతుంది. ఎక్కి, ఆయాసం తీర్చుకుని, మంచినీళ్లకన్నా ముందు రిమోట్ అడుగుతుంది.

స్నిగ్ధ గొంతు తగ్గించి అమీనుద్దీన్‌కు ఫోన్ చేసింది.

అమీనుద్దీన్ టీవీలకు బొజ్జలున్న కాలం నుంచీ సిద్దిపేటలో వాటికి వైద్యం చేస్తున్నాడు. వచ్చి, గోడమీది టీవీ వీపు తట్టి, చెవి పెట్టి విని, పెదవి విరిచాడు.

"ప్యానెల్ పోయింది బిడ్డా. అది ఎయ్యాలంటే కొత్త టీవీకి అయినంత అయితది. ఇప్పటియన్ని గింతే. పానం పోతె పారేసుడే."

ఆయన మెట్లు దిగేసరికి అంజమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం భాయ్, మీదికెందుకు పోయినవ్? కోడలి టీవీకి జరమొచ్చిందా?"

వెనకే దిగుతున్న స్నిగ్ధ మెట్ల మీదే ఆగిపోయింది.

"డిష్ గాలికి తిరిగింది. నేనే పిలిచిన," అన్నాడు పేపర్ వెనక నుంచి మామ కర్ణాకర్. ఆయన మాట్లాడేదే తక్కువ. అబద్ధం ఆడటం స్నిగ్ధ ఇంతకుముందు వినలేదు.

అంజమ్మ అమీనుద్దీన్‌ను కదలనివ్వలేదు. దొరక్క దొరక్క సాక్షి దొరికాడు.

"వచ్చినవు గద, కోడలు వినేటట్టు చెప్పు. గీ టీవీని నువ్వెన్నడన్న విప్పినవా?"

అమీనుద్దీన్ ఒకసారి పేపర్ వైపు చూశాడు. గుండె మీద చేయి వేసుకున్నాడు.

"అల్లా మీద ఒట్టమ్మా. గీ టీవీ మీద ఒక్కనాడు స్క్రూడ్రైవర్ పెట్టలె."

"ఇన్నవా పిల్లా? వస్తువంటే గట్లుండాలె. ఇచ్చినోళ్ల మనసును బట్టి ఉంటది," అంది అంజమ్మ. ఆ సంతోషంలో అమీనుద్దీన్‌కు చాయ్ మీద చాయ్ పోయించింది.

శుక్రవారం పొద్దున, అన్నదమ్ములకు బొట్టు పెట్టి దావత్‌కు పిలవాలని అంజమ్మ బెజ్జంకి బస్సెక్కింది. మర్నాడు సాయంత్రం గాని రాదు.

ఆమెను బస్సెక్కించి వచ్చిన కర్ణాకర్ చెప్పులు విడిచి నేరుగా మేడెక్కాడు. వెనకే అమీనుద్దీన్, చంకలో దుప్పటి చుట్టిన పెద్ద పలకలాంటిదేదో. దుప్పటి తీస్తే టీవీ. అదే కంపెనీ, అదే సైజు. చచ్చింది దిగింది, బతికింది గోడకెక్కింది.

ఏడవాలో నవ్వాలో తెలియక స్నిగ్ధ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మామా, అత్తమ్మ గుర్తుపడ్తది."

"పట్టది."

కర్ణాకర్ జేబులోంచి తాళంచెవి తీశాడు. దిగిన టీవీ అంచున మనవడు బొమ్మకారుతో గీసిన గీత ఉంది. దాన్ని చూసుకుంటూ కొత్తదాని మీద అదే చోట, అంతే వంకరగా ఒక గీత గీశాడు. ఆయన చెప్పకముందే అమీనుద్దీన్ కిటికీలోంచి ఇంత దుమ్ము తీసి టీవీ నెత్తిన చల్లాడు.

"గంత అల్కగ అంటున్నరు. అత్తమ్మ కండ్లు మామూలు కండ్లా? ఆమె టీవీ అయితె ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న ఖరాబు కాలె. మా బాపు ఇచ్చిందే గిట్లాయె," అంది స్నిగ్ధ.

కర్ణాకర్ తన గీతను బొటనవేలితో రుద్ది, కాస్త వెనక్కి జరిగి, తృప్తిగా చూసుకున్నాడు.

"మీ అత్త బాపు తెచ్చింది మొదటి ఎండకాలమే కాలిపాయె బిడ్డా, ఇప్పుడు కింద ఉన్నది నాలుగోది."