గల్లీలో ఒక్క కేసు

“ఎంతున్నదే?” అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంటూ అడిగింది భూదేవి.

పొద్దున్నే ఫోన్‌లోకి వచ్చే కరోనా లెక్క గుజరాతీలో ఉంటుంది. ఆ ఇంట్లో అది చదవగలిగేది పదో తరగతి నవత ఒక్కతే. సూరత్‌లో, డిండోలిలోని తమ గల్లీ పేరు కనబడేదాకా వేలితో పైకి తోసింది.

“ఒకటే ఉన్నదమ్మా.”

“ఉన్నది గదా. ఇగ కూసొని రొట్టె తిను.”

ఆ ఒకటి నవత నాన్న ముత్యం. మేనకోడలి పెళ్లికని సిరిసిల్ల వెళ్లినవాడు జ్వరం పట్టుకుని కరీంనగర్ ఆసుపత్రిలో చేరాడు. రేషన్ కోసం ఆధార్ కార్డును ఎప్పుడో సూరత్ చిరునామాకు మార్పించుకున్నాడు. దాంతో మనిషి అక్కడ మంచం మీద ఉండగానే అతని జబ్బు మాత్రం రైలెక్కి వచ్చినట్టు ఈ గల్లీ లెక్కలో చేరింది.

అతని ఫోన్ మూగబోయింది. ఆసుపత్రికి చేస్తే ఎవరూ ఎత్తరు. సిరిసిల్ల నుంచి బాబాయి రాజనర్సు అప్పుడప్పుడు చేస్తే, లోపల సిగ్నల్ లేదని భూదేవి మెట్ల మీదికి పోయి మాట్లాడి వచ్చేది. లోపలికి పోనిస్తలేరట అని ఎప్పుడూ అదే మాట చెప్పేది. అందుకే నవత తన దారి తాను వెతుక్కుంది. నయమైతే ఆ అంకె ఒక గడిలోకి పోతుంది, జరగరానిది జరిగితే ఇంకో గడిలోకి. ‘చికిత్సలో’ అన్న గడిలో ఒకటి కనబడినంత కాలం నాన్న ఉన్నట్టే.

గల్లీకి మాత్రం ఆ ఒకటి గుదిబండ అయింది. కేసున్న గల్లీవాళ్లెవరూ బట్ట నేసే సాంచాల దగ్గరికి రావద్దని మిల్లు సేఠ్ చెప్పేశాడు. ఇక్కడేమో ఒక్కరికి దగ్గు కూడా లేదు. ముత్యం పక్క సాంచా నడిపే ఉమాకాంత్ ఆ పొద్దున గడప బయటే నిలబడి, మూతి గుడ్డ గదుమ కిందికి లాక్కున్నాడు.

“మనిషి కరీంనగర్ల, కేసు డిండోలిల. గిదేం లెక్క వదినా? ముత్యమన్న ఊర్ల లేకున్నా సేఠ్ మా పని బందు వెట్టిండు.”

వార్డు ఆఫీసుకు పోయి దాన్ని తీయిస్తానని, నవత గుజరాతీలో ఒక అర్జీ రాసిస్తే చాలని అడిగాడు. పెద్దవాళ్ల ముందు తల ఎత్తని పిల్ల ఆ మాటకు లేచి నిలబడింది.

“నేను రాయ, కాకా. అది తీసేస్తే నాయిన సంగతి నాకెట్ల తెలుస్తది?”

ఉమాకాంత్ మెల్లగా నచ్చజెప్పాడు. ఇన్నాళ్లు ఏ ఆసుపత్రీ ఒక మనిషిని ఉంచుకోదు. అక్కడివాళ్లు పంపరు, ఇక్కడివాళ్లు అడగరు, లెక్క నడుమ ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. అన్నకు ఎప్పుడో నయమై ఉంటుంది.

“నయమైతే ఫోన్ చెయ్యడా?”

ఉమాకాంత్ భూదేవి వైపు చూశాడు. ఆమె కూలికి తెచ్చుకున్న చీర మీద మెరుపు రాళ్లు అంటిస్తూ తల ఎత్తలేదు. బంక అయిపోయింది, కింద జమునక్కను అడిగి తెమ్మని కూతురిని పంపింది.

నవత మెట్లు సగం దిగి ఆగిపోయింది. అమ్మ ఎక్కడ ఒప్పుకుంటుందోనని చెవులు రిక్కించింది. పైన ఉమాకాంత్, అర్జీ రింగ్ రోడ్డులో ఎవరితోనైనా రాయిస్తానని, రేపటికల్లా గల్లీలో సున్నా చేయిస్తానని అంటున్నాడు. చెప్పులు తొడుక్కున్న చప్పుడైంది.

“జర ఆగు తమ్మీ,” అంది భూదేవి. “ఆ ఒకటి గట్లనే ఉండనీ.”

“ఎందుకు వదినా?”

 అమ్మ గొంతు బాగా తగ్గింది.

“పిల్లకు నేనింకా చెప్పలే.”