నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?

పెద్ద వరద వచ్చి అప్పటికి ఇరవయ్యేళ్ళు. వంతెనల లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీ తన చరిత్రను పుస్తకంగా వేస్తోందని, చనిపోయిన యజమాని కూతురు మా ఇంటికి వచ్చింది. కంపెనీ పెట్టకముందు, ఆయన ఇంజనీరుగా ఉన్నప్పుడు ఆయన దగ్గర నేను నేల కొలిచే సర్వే గొలుసు పట్టేవాణ్ని.

"'ప్రకృతి ఆగ్రహానికి నాన్నగారి వంతెన కొట్టుకుపోయింది' అని రాశాం బాబాయ్. సరేనా?"

"ప్రకృతి కాదు, మీ నాన్న పొగరు! ఏటి ఒడ్డున పంపుహౌస్ గోడ మీద పాత వరద గీత చూపించి, వంతెన ఇంకో రెండు మూరలు లేపమన్నాను. 'ఎన్నో తరగతి చదివావురా?' అన్నాడు. మూడన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆ వంతెనతోపాటు మా తమ్ముడూ పోయాడు. అది రాసుకో!"

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టింది.

"వరద తర్వాత నాన్న రాసిన మొదటి ప్రోగ్రామ్ ఇది. ఈ ప్రశ్నకి జవాబివ్వందే ముందుకు కదలదు. చచ్చేదాకా దీన్ని ఎవర్నీ తియ్యనివ్వలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

కూడబలుక్కుంటూ చదివాను. 'ఇక్కడ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో దగ్గర్లో ఉండేవాళ్ళని అడిగారా? ఎవరిని అడిగారు? పేరు రాయండి.'

"ఊరందరినీ అడగమన్నాడు! నా గడప తొక్కి ఒక్క మాట అనడానికి మాత్రం నోరు పెగల్లేదా?"

"పెగల్లేదు బాబాయ్" అంటూ ఆమె పుస్తకంలో 'ప్రకృతి ఆగ్రహం' అన్న మాట కొట్టేసింది.

మర్నాడు పొద్దున్నే రంగు డబ్బా పట్టుకుని పంపుహౌస్‌కి వెళ్ళాను. గోడకి సున్నం కొట్టి పాత గీత చెరిపేశారు. తమ్ముణ్ణి తీసుకుపోయిన నీళ్ళు ఎంతవరకు వచ్చాయో నాకు తెలుసు. అక్కడ ఎర్రగా గీశాను.