అందరికీ ఒకేసారి

"అత్తా... అందరికీ వెళ్లిపోయాయి," అంది మేనకోడలు, మౌస్ మీంచి చెయ్యి తీసేసి.

"వెళ్లాల్సినవే కదా! దానికి ఏడుపు ముఖమెందుకే?" అంది అత్త లెన్సు తుడుచుకుంటూ. ఆ ఫోటో స్టూడియో ఆమెదే.

"ఒకరివి ఇంకొకరికి వెళ్లాయి."

అత్త చేతిలోని గుడ్డ జారిపోయింది.

కాలేజీ చదువు పూర్తయిన అమ్మాయిలకు నల్ల గౌన్లు వేసి తీసిన ఫోటోలవి. ఎవరి గ్యాలరీ లింకు వాళ్ల ఇంటికి పంపాలి. జ్వరమొచ్చి ఫోటోలకు రాని ఒకమ్మాయి పేరు జాబితాలోంచి తీసేయడం మేనకోడలు మరిచిపోయింది. దాంతో పైవాళ్లకు సరిగ్గానే వెళ్లినా, ఆ పేరు దగ్గర్నుంచి కిందివాళ్లందరికీ తర్వాతివాళ్ల ఫోటోలు వెళ్లాయి. చూసుకోకుండా 'అందరికీ పంపు' నొక్కేసింది.

"కొంప ముంచావు కదే! ఒక్క తల్లి వెళ్లి గోల పెట్టినా కాలేజీవాళ్లు మళ్లీ మన గడప తొక్కరు. రేపటి నుంచి కెమెరా నీ చేతికిద్దామనుకున్నాను చూడు, నన్ననాలి!"

ఆ కెమెరా కోసమే మేనకోడలు సెలవులన్నీ ఈ ఇరుకు గదిలో కూర్చుని ఫోటోల్లో మొటిమలు చెరిపింది. మొటిమలతో ఆగలేదు. అత్త చెప్పినట్టల్లా ముక్కులు సన్నం చేసింది, బుగ్గలు నున్నగా చేసింది, రంగు తేల్చింది.

"అప్పుడే చెప్పాగా అత్తా, అందరూ అక్కచెల్లెళ్లలా అయిపోతున్నారని..."

"నోర్ముయ్. తల్లులు మురిసిపోవద్దూ? ముందు ఆ లింకులు ఆపు!"

ఇంతలో ఫోన్ మోగింది. ఇద్దరూ దానివంక పామును చూసినట్టు చూశారు.

"నువ్వెత్తత్తా."

"పంపింది నువ్వు, తిట్లు నాకా?" అంటూనే అత్త ఫోనెత్తి స్పీకర్ పెట్టింది.

"స్టూడియోనేనా? మా అమ్మాయి ఫోటోలు చూశామండీ," అంది ఒక తల్లి.

"క్షమించాలమ్మా, చిన్న పొరపాటు..."

"పొరపాటేంటండీ! మావారూ నేనూ కళ్లార్పకుండా చూస్తున్నాం. కన్నతల్లిని కదా, చూడగానే పోల్చుకున్నాను. ఆ నవ్వు అచ్చం మా అత్తగారిదే! పెద్దది ఒకటి ఫ్రేము కట్టివ్వండి, హాల్లో పెట్టుకుంటాం."

అత్తకు ప్రాణం లేచివచ్చింది. "పైన సరిగ్గా వెళ్లినవాళ్లే," అని మేనకోడలికి సైగ చేసి, గొంతు సవరించుకుంది. "అలాగేనమ్మా, తప్పకుండా!"

"ఒక్కటే అర్థం కావట్లేదండీ," అందావిడ. "ఆ రోజంతా మా పిల్ల జ్వరంతో మంచం దిగలేదు. మరి మీ దగ్గరికి ఎప్పుడొచ్చి దిగిందండీ ఈ ఫోటోలు?"