టేకు పలకల హాలు

"రాయి మీద మేకు కొట్టొద్దు సాయిబూ. గీత కూడా పడకూడదు," అన్నారు చెంచురామయ్య గారు.

వడ్రంగి అల్లావుద్దీన్ హాలంతా కలయజూశాడు. నల్లటి కడప రాయి. మూడు తరాల పాదాలకు అరిగి నునుపుదేలింది. విడవలూరు చుట్టుపక్కల అంత మంచి నేల ఇంకో ఇంట్లో లేదు.

"ఇంత మంచి రాయిని చెక్కతో కప్పడం ఎందుకయ్యా?"

"కొత్త బ్లాకు ఆఫీసరు సోమవారం భోజనానికి వస్తాండాడు. వాళ్ళమ్మను కూడా తెస్తాడంట. ఆమెకు కీళ్ళనొప్పులు. ఈ ముసురులో రాయి జిల్లుమంటా ఉండాది. ఆమె కాలు దీని మీద పెట్టనిస్తామా?"

ఆఫీసరు పేరు క్రీస్తుదాసు. తల్లి రెబెక్కమ్మ. ముప్ఫై ఏళ్ళు చెంచురామయ్య గారి మళ్ళలోనే నాట్లు వేసింది. ఆ నొప్పులు ఆ బురదలో వచ్చినవే.

అల్లావుద్దీన్ మనసు కరిగింది. రాయి మీద సన్నటి చెక్క రీపర్లు పరిచి, మేకు కొట్టకుండా గోడల మధ్య బిగించాడు. వాటి మీద టేకు పలకలు కూర్చాడు. చిత్రిక పట్టిన ప్రతి పలకనూ అరచేత్తో నిమిరి చూశాడు. ముసలమ్మ పాదంలో పేడు గుచ్చుకోకూడదు.

చెంచురామయ్య గారు రోజూ వచ్చి సందులు వెతికేవారు. ఒకచోట చెంబుడు నీళ్ళు పోయించి, కిందికి దిగుతున్నాయేమో చూశారు. వీధి మెట్టు కూడా కప్పించారు. అయిదు రోజుల్లో పని పూర్తయింది.

ఈ సంగతి రెబెక్కమ్మ చెవిన పడింది.

"నేను రాను," అన్నాడు కొడుకు. "ఆయనకి కాలవ మీద వంతెన కావాల, అందుకే ఈ మర్యాదలు. వాళ్ళ పెరట్లో నువ్వు దోసిట్లో గంజి తాగింది మరిచిపోయినావా?"

"వంతెనకైతే నిన్ను పిలిస్తే చాలు గదా అబ్బయా. నా కాళ్ళ కోసరం నేలే మార్పించినాడు. పోకపోతే పాపం."

సోమవారం ఇద్దరూ వెళ్ళారు. రెబెక్కమ్మ మెట్టు ముందు ఆగి, చీర చెంగుతో పాదాలు తుడుచుకుంది.

"లోపలికి రా రెబెక్కమ్మా," అన్నారు చెంచురామయ్య గారు. ఆ నోట తన పేరు అంత మెత్తగా వినడం ఆమెకు అదే మొదటిసారి.

కాళ్ళ కింద చెక్క గోరువెచ్చగా తగిలింది. ఆ పలకల మీదే కూర్చుంది. ఆయన భార్య కామాక్షమ్మ స్వయంగా విస్తరి వేసి వడ్డించింది. రెబెక్కమ్మ ముద్ద కలుపుకుంది. కళ్ళనీళ్ళు విస్తట్లో పడుతుంటే తల వంచుకుంది.

తల్లిని చూసి క్రీస్తుదాసు జేబులోంచి పెన్ను తీశాడు. అక్కడే కూర్చుని వంతెన కాగితం మీద సంతకం చేశాడు.

సాయంత్రం రెబెక్కమ్మ పాలెంలో ఇంటింటికీ చెప్పింది. "మనిషి మారతాడే. ఇన్నాళ్ళూ ఆయన్ని నేనే తప్పుగా అనుకున్నా."

మర్నాడు పొద్దున్నే చెంచురామయ్య గారు అల్లావుద్దీన్‌ను పిలిపించి, "ఆ పలకలన్నీ ఊడదీసి ఊరవతల తగలబెట్టు సాయిబూ, దేవుడి దయ వల్ల వాళ్ళ కాలు మా ఇంటి రాయికి తగల్లేదు," అన్నారు.