అమ్రాబాద్‌కు కిరాయి మోటరు

“తిప్పరా ఎల్లా, తిప్పు! అవి చేతులా, సొరకాయలా?”

డ్రైవర్ కాశయ్య అరుపుకు ఇబ్రహీంపట్నం బజారులో సగం మంది బయటికొచ్చి చూశారు. క్లీనర్ ఎల్లయ్య మోటరు ముందు వంగి, ఇనుప హాండిల్‌తో కుస్తీ పడుతున్నాడు. ఇంజను దగ్గుతోంది తప్ప లేవడం లేదు.

“కొత్తోడు పటేలా. తినుడొక్కటే వస్తది” అన్నాడు కాశయ్య, వెనక సీటు వైపు తిరిగి.

ఆ వెనక సీట్లో మల్లేశయ్య, ఆయన భార్య నర్సింహమ్మ కూర్చున్నారు. నల్లమల కొండల మీద అమ్రాబాద్‌లో వాళ్ల కూతురు సిద్దమ్మ తొలిచూలు. రేపో మాపో నెలలు నిండుతాయి. కొండ దిగే ఘాటు బాటలో ఎడ్లబండి కుదుపులకు పిల్ల తట్టుకోదని మంత్రసాని తెగేసి చెప్పింది. ఈరోజు మోటరులో వెళ్లి, రేపు కూతురిని పుట్టింటికి తెచ్చుకోవాలి. పెట్రోలు చుక్క దొరకడమే గగనమైన ఆ రోజుల్లో కాశయ్య తనంతట తానే వచ్చి, “అమ్రాబాదుకైతే నేనొస్త పటేలా, ఇచ్చినంత ఇయ్యి” అన్నాడు. అదృష్టం తలుపు తడితే ఎవరు కాదంటారు?

వియ్యంకుడి ముందు తక్కువ కాకూడదని మల్లేశయ్య ఎవరినో బతిమాలి తెచ్చిన పట్టు రుమాలు తలకు చుట్టాడు. మీసం మెలేశాడు. పొట్ట ఎలాగూ సొంతమే.

“గా రుమాలు సంచిల పెట్టు. పారిపోయే దొరలను సంగపోళ్లు బాటలల్ల దేవులాడుతున్నరంట” అంది నర్సింహమ్మ.

“నన్ను జూసి దొర అనుకుంటరా?”

భయపడి అడిగిన మాట కాదది, ఆశపడి అడిగింది.

ఎట్టకేలకు మోటరు లేచింది. ఎల్లయ్య రొప్పుతూ పక్కనున్న మెట్టు మీద వేలాడాడు.

యాచారం దాటారో లేదో, చెట్ల చాటు నుంచి తుపాకులు పట్టుకుని సంగం మనుషులు అడ్డం వచ్చారు. వాళ్ల నాయకుడు బుగ్గయ్య తిన్నగా మల్లేశయ్య దగ్గరికే వచ్చాడు.

“దిగు దొరా!”

ఒక్క క్షణం మల్లేశయ్య మనసు పూలతేరు ఎక్కింది. మరుక్షణం తుపాకి గొట్టం కనిపించింది, తేరు విరిగింది.

“భువనగిరి దిక్కు దొర ఒకడు మోటర్ల పారిపోయిండని కబురొచ్చింది. లావుగ ఉంటడంట. పట్టు రుమాలు కడ్తడంట. నువ్వే గద!”

మల్లేశయ్యకు కూతురి కాన్పు చూడకుండానే పోతానా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. నర్సింహమ్మ మాత్రం దబాల్న దిగి, మొగుడి రుమాలు లాగేసింది.

“ఇగో, ఈ బట్టతల దొరదా? ఈ చేతులు జూడు బిడ్డా, మోట తోలి తోలి కాయలు కాసినయ్. పొద్దందాక నేను తిడ్తుంటే కిక్కురుమనడు. గిసొంటి దొరను యాడన్న జూసినవా?”

బుగ్గయ్య ఆ చేతులు పట్టి చూశాడు. ఆ మొహమూ చూశాడు. నవ్వాపుకోలేకపోయాడు. “అవ్‌నమ్మా, దొర కాదు. పోండ్రి” అన్నాడు.

అదే అదనుగా కాశయ్య క్లీనర్ నెత్తి మీద ఫెడీమని ఒక్కటిచ్చాడు. “నోరు తెరిసి జూస్తవేందిరా, గాడిద కొడకా! హాండిల్ నీ అయ్య తిప్పుతడా?”

బుగ్గయ్యకు చర్రున కోపం వచ్చింది. కాశయ్య చొక్కా పట్టుకున్నాడు. “బీదోన్ని కొడ్తవా? మన రాజ్యం రానీ, మొదటి పంచాయితి నీదే.” తర్వాత ఎల్లయ్య భుజం తట్టి, చేతిలో ఒక బీడీ పెట్టాడు. “ఫికర్ జేయకు తమ్మీ. నీ అసొంటోళ్ల కోసమే మేం కొట్లాడుతున్నం.”

ఎల్లయ్య తల వంచుకుని బీడీ అందుకున్నాడు. పాపం, కళ్లు చెమర్చాయి కూడా.

ప్రాణం దక్కేసరికి మల్లేశయ్యకు దొరతనం మళ్లీ తలకెక్కింది. డిండి దగ్గర ఆగినప్పుడు సీట్లోంచి కదలకుండానే, “ఎల్లా, నా చెప్పులందుకో” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మాట విన్న మొదటి మనిషి ఎల్లయ్యే. ఆ రుచి మరిగి నీళ్లు తెమ్మన్నాడు, వీపు గోకమన్నాడు.

ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను సలసలా కాగింది. కాశయ్య క్లీనర్‌ను వాగులోకి నీళ్లకు తరిమాడు, వచ్చాక మోటరు నెట్టమన్నాడు, నెడుతున్నంతసేపూ వాడి ఏడు తరాలను పేరుపేరునా తలుచుకున్నాడు. నర్సింహమ్మ మనసు కరిగింది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ ఇస్తే ఎల్లయ్య నిలబడే తిన్నాడు.

“పొద్దటిసంది మనిషిని పీక్క తింటున్నవ్ గదనే కాశన్నా! జర కనికరం లేదా?” అందామె.

“ఊరొచ్చెదాంకనే గదక్కా!” అని కాశయ్య దిగులుగా నిట్టూర్చాడు.

పొద్దుగూకే వేళకు అమ్రాబాద్ చేరారు. సిద్దమ్మ ఇల్లు ఇంకా ముందుంది గానీ, కాశయ్య దొరలుండే ఒక పెద్ద గడీ ముందు మోటరు ఆపి హారన్ కొట్టాడు. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. నౌకర్లు ఉరికొచ్చి, “బాంచెన్, బాంచెన్” అంటూ నేలకు వంగారు.

“జూసినవానే? రుమాలు కట్టొద్దంటివి!” అని భార్యను మోచేత్తో పొడిచి, మల్లేశయ్య అందరినీ దీవిస్తూ చెయ్యెత్తాడు.

కాశయ్య కిందికి దిగి, చెప్పులు విడిచి, పక్క మెట్టు వైపు తిరిగి చేతులు జోడించి, ఆశ చావని గొంతుతో అడిగాడు.

“రేపు వాపసు పోంగ గూడ క్లీనర్‌గ మీరే వస్తరా, దొరా?”